నీడలో పెట్టిన సైకిలు

అష్టమినాడు కొత్త సినిమా పడింది. పొద్దున తొమ్మిది కొట్టకముందే నంద్యాల రేకుల టాకీసు ముందు రోడ్డు జనంతో నిండిపోయింది. ఓనరు రంగయ్య మేడమీది వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చూపు జనం మీద ఉన్నా ఆయన ప్రాణమంతా కింద ప్రహరీ పక్కనున్న సైకిలు స్టాండులో ఉంది. అక్కడ సైదులు సైకిళ్ళ వరసల మధ్య నడుము వంచి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో చక్రాన్నీ చూసుకుంటూ పోతున్నాడు.

సినిమా ఎన్ని వారాలు ఆడుతుందో సైదులు చెప్పాలి. మద్రాసులో తీసినవాడికి తెలియదు, గుంతకల్లులో కొన్నవాడికి తెలియదు, తెచ్చి ఆడించే రంగయ్యకు అసలే తెలియదు. పండగపూట ఊళ్ళో మూడు టాకీసుల్లో మూడు కొత్త సినిమాలు పడితే, వాటిలో ఏది దీపావళి దాటుతుందో, ఏది నాలుగో రోజుకే పెట్టె సర్దుకుంటుందో స్టాండులో చీటీలు కట్టే ఈ మనిషి చెప్పేవాడు. వింత ఏమిటంటే, పదిహేనేళ్ళుగా ఆ గోడ పక్కనే బతుకుతూ అతను ఒక్క సినిమా కూడా పూర్తిగా చూసిన పాపాన పోలేదు. అతను లోపలికి పోయి కూర్చుంటే సైకిళ్ళు ఎవరు చూస్తారు?

అతను చూసేది దుమ్ము. కుందూ ఏటికి అవతలి పల్లెల సైకిళ్ళకు మడ్‌గార్డు లోపల నల్లరేగడి పెచ్చులు కట్టి ఉంటుంది. పాణ్యం వైపునుంచి వచ్చేవాటికి ఎర్రమట్టి. మహానంది దారిన వచ్చేవాటి చువ్వల్లో ఎక్కడో ఒకచోట అరటినార చిక్కుకుని ఉంటుంది. మొదటిరోజు వచ్చేవన్నీ అభిమానుల సైకిళ్ళనీ, వాటిని నమ్మకూడదనీ సైదులు అంటాడు. తెరమీద హీరో గుర్రుపెట్టి నిద్రపోతున్నా వాళ్ళు ఈలలు వేస్తారు. రెండోరోజు, మూడోరోజు మ్యాట్నీకి దూరపు మట్టి ఎంత వచ్చింది, క్యారియరు మీద పాతచీర మడతపెట్టి కట్టినవి ఎన్ని వచ్చాయి, అది చూడాలి. చీర మడత ఉందంటే పెళ్ళాం వెనక కూర్చుని వచ్చిందన్నమాట. పెళ్ళాన్ని ఎక్కించుకుని ఎనిమిది మైళ్ళు తొక్కాడంటే, ముందురోజు చూసిపోయినవాడు వాళ్ళ ఊళ్ళో గట్టిగానే చెప్పాడన్నమాట. ఇంతే అతని విద్య. విన్నవాళ్ళు ఓస్ ఇంతేనా అంటారు. చెయ్యమంటే మాత్రం ఒక్కడికీ చేతకాదు.

స్టాండు చివర, రేకు నీడ పడేచోట, ఒక సైకిలు విడిగా ఉంది. సైదులు అక్కడిదాకా వచ్చి ఆగాడు. రోజూ అక్కడ ఆగుతాడు. ఆరునెలల కిందట ఉగాదినాడు కట్టిన చీటీ ముక్క ఇంకా దాని హ్యాండిలుకే ఉంది. రెండో ముక్క తీసుకుపోయిన మనిషి తిరిగి రాలేదు. ఇరుసుల దగ్గర, బెల్లు కింద, సీటు స్ప్రింగుల్లో బూడిదరంగు రాతిపొడి గట్టిపడి ఉంది. నంద్యాల చుట్టుపక్కల ఏ మట్టీ ఆ రంగులో ఉండదు. అది ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కే కొట్టాల దగ్గరి పొడి. ఉగాదినాడు పొద్దున ఎనిమిదిన్నరకు, దిగుతున్న మనిషి ముఖం చూడకముందే ఆ పొడి చూసి సైదులు "ఆళ్ళగడ్డ నుంచా అప్పా?" అన్నాడు. ముప్పై నిండని మనిషి, తలవెంట్రుకల్లో కూడా అదే పొడి. నవ్వాడు. "నీడలో పెట్టన్నా. టైరు మెత్తగుండాది, ఎండకు పగుల్తాది" అన్నాడు. వాళ్ళిద్దరి మధ్య జరిగిన మాటలు అంతే.

ఆ మాట సైదులును వదలలేదు. చీటీ కడుతుంటే వినిపిస్తుంది, ముద్ద కలుపుతుంటే వినిపిస్తుంది. జనం గోలగా ఉన్నప్పుడు మరీ బాగా వినిపిస్తుంది. ఎండాకాలమంతా ఎండ తిరిగినప్పుడల్లా అతను ఆ సైకిలును నీడకు జరుపుతూ వచ్చాడు. వారానికోసారి గాలి కొట్టేవాడు. దుమ్ము తుడవడానికి మాత్రం చెయ్యి రాలేదు.

"సైదులన్నా, ఓనరు అడుగుతాండాడు. ఒగ కిటికీనా, రెండా?" మేనేజరు ఓబులేసు గోడవతల నుంచి కేక వేశాడు.

నేల టికెట్లకు రెండు కిటికీలు ఉన్నాయి. అక్కడికి పోయే దారి రెండు గోడల మధ్య మనిషి వెడల్పు సందు, పైన ఇనపకమ్మీలు. రెండు కిటికీలూ తెరిస్తే వరస గబగబా కదిలిపోతుంది. ఒకటి మూస్తే సందు నిండి, జనం రోడ్డెక్కి, వచ్చే పోయే బస్సులు ఆగిపోతాయి. బస్సుల్లోవాళ్ళు తలలు బయటపెట్టి చూసి, సినిమా ఇరగబడి ఆడుతోందని తమ ఊళ్ళల్లో చెప్తారు. నాలుగేళ్ళ కిందట ఈ ఉపాయం రంగయ్యకు చెప్పింది ఎవరో కాదు, సైదులే. తను ఆడుతుందన్న సినిమా రెండోవారం నీరసపడితే పరువు పోతుందన్న భయంతో చెప్పాడు. ఆ తరవాత అతను ఆడుతుందన్న ప్రతి సినిమాకూ ఒక కిటికీ మూసేవారు. మూసినందువల్ల అది ఇంకా ఆడేది. ఊరు మాత్రం సైదులు నోటి మహిమ అనేది, అతను కూడా కాదనేవాడు కాదు.

ఉగాదినాడు ఆ సందులో ఆళ్ళగడ్డ మనిషి నలిగి ఊపిరాడక చచ్చిపోయాడు. ఆట మొదలై సందు ఖాళీ అయ్యాక, గోడకానుకుని ముడుచుకుపడి ఉన్నవాణ్ణి ఓబులేసు చూశాడు. జట్కాలో వేసి తీసుకుపోయి, ఎవరో దారినపోయేవాడు ఫిట్సు వచ్చి రోడ్డుమీద పడిపోయాడని ఆస్పత్రిలో రాయించి వచ్చారు. టాకీసు పేరు ఎక్కడా రాలేదు. అనామకుడని ఎక్కడో పూడ్చేశారు. సైదులు ఆరువారాలన్న సినిమా ఏడువారాలు ఆడింది.

"రెండూ తెరవమను" అన్నాడు సైదులు.

రంగయ్య వరండా పిట్టగోడ మీదికి వంగాడు. "ఏమిరా, కొత్తగా దయ పుట్టుకొచ్చిందా? జనం సినిమాను జూసి రారు, జనాన్ని జూసి వస్తారని నాకు నేర్పిచ్చినోడివి నువ్వే గదరా!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఒక కిటికీకి లోపలినుంచి గడియ పడింది. సైదులు మళ్ళీ సైకిళ్ళ మధ్యకు వంగాడు. సందులోంచి తోసుకుంటున్నవాళ్ళ మూలుగు, ఈలలు, బూతులు వినపడుతున్నాయి. ఆట మొదలై సందు ఖాళీ అయ్యేదాకా అతను తల ఎత్తలేదు. ఖాళీ అయ్యాక పోయి లోపలికి తొంగిచూశాడు. తెగిన చెప్పులు, చిరిగిన చొక్కాజేబు ఒకటి ఉన్నాయి. మనిషి ఎవరూ లేరు.

మ్యాట్నీ జనం లోపలికి పోయాక ఆమె వచ్చింది.

పాతికేళ్ళుంటాయి. నీలంచీర, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, బస్సులో నిలబడి వచ్చిన మనిషి తీరు. రోడ్డుమీద నిలబడి స్టాండు మొత్తం ఒకసారి కళ్ళతో దువ్వింది. సైదులుకు ఎవరని అడగాల్సిన పని లేకపోయింది. ఆమె పాదాల పగుళ్ళలో ఆ బూడిదరంగు పొడి ఉంది.

"అన్నా, ఈ స్టాండు నీదేనా?"

"ఆ. ఏం గావాలమ్మా?"

"నా పేరు ప్రసన్నకుమారి. మాది ఆళ్ళగడ్డ. మా ఇంటాయన దావీదు, విగ్రహాలకు నునుపు పట్టే పని. ఉగాది పొద్దు ఎమిరీ కాయితం తెస్తానని సైకిలేస్కోని నంద్యాలకు వచ్చినాడు. మళ్ళా ఇల్లు జేరలేదు." ఆమె ఈ మాటలు చాలాచోట్ల చెప్పినట్టుంది, ఎక్కడా తడబడలేదు. "కాయితాలమ్మే అంగళ్ళన్నీ అప్పుడే అడిగితిమి. యాడా రాలేదన్నారు. మొన్న ఆయప్ప స్నేహితుడొకడు నోరు తెరిసినాడు, కాయితానికి గాదు, సినిమాకు పోయినాడని. ఆ పొద్దు ఈడ సైకిలు పెట్టినాడేమో జ్ఞాపకముందా అన్నా?"

"వచ్చేవోళ్ళు వందలమంది తల్లీ. ఎట్ల జ్ఞాపకముంటాది?"

"నిజమే లే." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "సున్నిపెంటలో ఎవుర్నో ఉంచుకోని ఆడనే డ్యాము పనిలో ఉండాడని అందరూ అంటాండారు. నేనూ పోయి క్వార్టర్లన్నీ తిరిగొస్తి. లేడు. సైకిలు ఈడనే వదిలిపెట్టింటే బస్సెక్కి పోయినట్ల. ఎత్తుకపోయింటే సైకిలు మీదనే యాడికో పోయినట్ల. అది తెలిస్తే సాలు నాకు."

సైదులు ఆమెకూ రేకు నీడకూ మధ్య నిలబడి ఉన్నాడు. ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలు, ఆమెకు అంతా కనపడుతుంది.

"మా కాడ మిగిలిపోయిన సైకిలేమీ లేదమ్మా" అన్నాడు.

ఆమె తల ఊపింది. పోతూ పోతూ ఆగి, "సల్లగుండన్నా, విసుక్కోకుండా సెప్పినావు" అంది. ఆ మాటకు సైదులుకు చెంపమీద కొట్టినట్టయింది. ఆమె బస్టాండు వైపు తిరిగేదాకా అతను కదల్లేదు.

మర్నాడు మహర్నవమి. ఆ ఒక్కరోజు సైదులు గుడ్డివాడితో సమానం. ఆయుధపూజకు ఊరూరా సైకిళ్ళన్నీ కడిగేస్తారు. కిరసనాయిలు గుడ్డతో చువ్వచువ్వా తుడిచి, హ్యాండిలుకు బంతిపూలు చుట్టి, మడ్‌గార్డుకు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి తెస్తారు. స్టాండంతా పూలతోటలా ఉంది. నల్లరేగడీ లేదు, ఎర్రమట్టీ లేదు. ఏది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడానికి ఆధారమే లేదు. ప్రతి ఏడూ నవమినాడు తనను ఏమీ అడగొద్దని, దశమి మ్యాట్నీకి చెప్తానని సైదులు ముందే అనేవాడు.

ఈసారి రంగయ్యకు ఆగే ఓపిక లేదు. ఆళ్ళగడ్డ టూరింగు టాకీసు హుస్సేన్ వలి పొద్దున బస్సుకే వచ్చి కూర్చున్నాడు. నంద్యాలలో ఆట ముగిశాక ఆ సినిమా పెట్టె ఆళ్ళగడ్డకు పోవాలి. నాలుగు వారాలైతే అతను దీపావళికి వేరే బొమ్మ చూసుకుంటాడు, రెండు వారాలైతే దీన్నే పట్టుకుంటాడు. ఇద్దరూ కలిసి టీ గ్లాసులతో స్టాండులోకి దిగివచ్చారు.

"సెప్పప్పా సైదులూ, నీ నోట్లోంచి ఒగ అంకె రానీ" అన్నాడు హుస్సేన్ వలి. లావుపాటి మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాడు. "నిన్న సాయంత్రం మా ఊళ్ళో నంద్యాల బస్సు దిగుతాంటే ఆ పిల్లను జూస్తి. ఈడికేనా వచ్చింది? దావీదు పెండ్లాం."

"ఎవురు?" అన్నాడు రంగయ్య.

"మొగుడు ఇడిసిపెట్టి పోయినాడు లేప్పా. సున్నిపెంటలో కాపురం పెట్టినాడంట. ఈ పిల్ల నోరు మంచిది గాదు, అందుకే పోయినాడని ఆడోళ్ళు అంటాండారు. మామ శాంతయ్య ఒగడే ఇంట్లో ఉండనిస్తాండాడు. చర్చిలో గూడా ఈయమ్మ పక్కన ఎవురూ కూసోరంట." అతను టీ తాగి గ్లాసు దులిపాడు. "సరే, మనకెందుకు. ఎన్ని వారాలు?"

రంగయ్య కళ్ళు మెల్లగా స్టాండు చివరికి పోయి, అక్కడ కాసేపు ఆగి, సైదులు ముఖం మీదికి వచ్చాయి. ఆయనకు ఆ సైకిలు సంగతి తెలుసు. నెలనెలా దాన్ని పాతసామాన్లవాడికి పడెయ్యమని ఓబులేసుతో చెప్పించేవాడు. సైదులు సరేనంటూ నీడకు జరుపుతూ ఉండేవాడు.

"ఈ పొద్దు నాకేమీ కనపళ్ళేదయ్యా" అన్నాడు సైదులు.

"ఉన్నకాడికి సెప్పు."

"సైకిళ్ళన్నీ కడిగినారు గదయ్యా. ఏం జూసి సెప్పాల?"

రంగయ్య అతని భుజం మీద చెయ్యి వేసి నాలుగడుగులు పక్కకు తీసుకుపోయాడు. గొంతు తగ్గించాడు. "రేపు దశమి. స్టాండు ఎవురికియ్యాలో రేపు సెప్పాల నేను. ముగ్గురు అడుగుతాండారు. పదైదేండ్ల మనిషివని నిన్ను పెట్టుకుంటాండా. ఆ మూల ఉన్నది పొద్దు గుంకేలోపల ఈడ ఉండగూడదు. అర్థమైందా? రేపు మ్యాట్నీకి అంకె సెప్పు." మళ్ళీ గొంతు పెంచి, హుస్సేన్ వలి వైపు తిరిగి, "రేపు సెప్తాడు లేప్పా, మా వాని మాట యాడికీ పోదు" అన్నాడు నవ్వుతూ.

వాళ్ళు పోయాక సైదులు మూలకు నడిచాడు. ఎవరో సైకిళ్ళకు కుంకుమ పెడుతూ పెడుతూ దీనికీ ఒక బొట్టు పెట్టి బంతిపువ్వు గుచ్చిపోయారు. మూడువందల సైకిళ్ళు తళతళలాడుతూ నోరు మూసుకుని నిలబడ్డాయి. ఆ స్టాండు మొత్తం మీద ఆ రోజు తన దుమ్ము తనమీద ఉంచుకున్నది అదొక్కటే. ఇంకేదీ చదవడానికి లేక, అతను దాన్నే చూస్తూ నిలబడ్డాడు. గుర్తుపట్టలేక ఊరుకోలేదు. చూసిన మొదటి నిమిషంలోనే ఏ ఊరో, ఏ పనో తెలిసింది. బస్సెక్కితే గంటన్నరలో ఆ కొట్టాల దగ్గర దిగి, "ఇది ఎవురిది?" అని అడిగితే చాలు. అందుకు ఒక్క పూట పడుతుంది. ఆరునెలలూ అతను పోలేదు.

మధ్యాహ్నం రహమత్‌బీ అన్నం గిన్నె తెచ్చింది. మొగుడు ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా కూర్చోవడం చూసి, "నిన్న వచ్చిన ఆయమ్మేనా?" అంది. ఆమెకు ఎవరు చెప్పారో అతను అడగలేదు. ఆ ఇంట్లో ఆ సంగతి మాట్లాడకపోయినా ఇద్దరికీ తెలుసు. నిద్రలో అతను "నీడలోనే ఉండాది, నీడలోనే ఉండాది" అని ఎవరికో సమాధానం చెప్తుంటే లేపేది ఆమే.

"పోయి సెప్పిరారాదా?"

"స్టాండు పోతాది."

"పోతే పోనీ. మార్కెట్ల మూటలు మోస్తావు, నేను ఇండ్లల్లో పాసి పని జేస్తా." ఆమె గిన్నె మూత పెట్టింది. "నీ బయం స్టాండు గురించి గాదులే. నాకు తెలీదా?"

సైదులు చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "సెప్తే ఏమైతాదో నాకు తెలుసు. ఆ పిల్ల అట్లనే కూలబడిపోతాది. దుమ్మెత్తి నెత్తిన పోసుకుంటాది. ఇప్పుడు బతికుండాడన్న ఆశన్నా ఉండాది. అది గూడా నేనే తుంచాల్నా?"

"జనం సంగతి నీకు తెలుసేమో" అంది రహమత్‌బీ లేచి నిలబడి. "ఆ పిల్ల సంగతి నీకేం తెలుసు?"

దశమినాడు తెలవారుతుండగా సైదులు ఆ సైకిలు బయటికి తీశాడు. చీటీ విప్పలేదు. గాలి కొట్టి, స్టాండు తాళంచెవి ఓబులేసు బల్లమీద పెట్టి, ఆళ్ళగడ్డ రోడ్డు పట్టాడు. పండగ మూడురోజుల్లోకీ పెద్దరోజు అది. మ్యాట్నీ సమయానికి తను ఉండడని, స్టాండు ఇంక తనది కాదని అతనికి తెలుసు. తెలిసీ తొక్కాడు.

పాతిక మైళ్ళు. సగం దారిలో శిరివెళ్ళ దాటేసరికి వెనక టైరు దిగిపోయింది. రోడ్డుపక్కన పంక్చరు కొట్టువాడు ట్యూబు నీళ్ళల్లో ముంచి, "ఏందన్నా, దీన్ని తొక్కకుండా దాసి పెట్టినట్లుండారే? రబ్బరంతా మడతల కాడ పగిలిపోయింది" అన్నాడు. సైదులు అతుకు వేయించుకుని మళ్ళీ ఎక్కాడు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. పెడలు తొక్కుతున్నకొద్దీ ఇది ఆ మనిషి పొద్దున పూట హుషారుగా తొక్కివచ్చిన దారేనని, తను దాన్ని వెనక్కి తొక్కుతున్నానని అనిపించసాగింది. చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకున్నాడు. ఉగాదినాడు, జనంలో, ఊపిరాడక. అంతవరకు చాలు. కిటికీ మాట ఎత్తాల్సిన పనిలేదు. జనం ఎక్కువైతే తొక్కిసలాట జరుగుతుంది, అందులో ఎవరి తప్పూ ఉండదు. ఈ మాట పదిసార్లు అనుకున్నాడు.

ఆళ్ళగడ్డలో కొట్టాల వీధి నిశ్శబ్దంగా ఉంది. పండగకు ఉలులూ సుత్తులూ కడిగి కుంకుమపెట్టి బల్లలమీద పరిచారు. పూజలో ఉన్న పనిముట్టు ఎవరూ ముట్టుకోరు. సగం చెక్కిన విగ్రహాలు, కళ్ళు ఇంకా తెరవనివి, వరసగా నిలబడి ఉన్నాయి. నేలంతా ఆ బూడిదరంగు పొడి. సైదులు దిగి నడిపించుకుంటూ పోతున్నాడు. ఇల్లు ఎక్కడని అతను ఎవరినీ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.

"ఏయ్, అది దావీదు సైకిలు గాదూ?" కొళాయి దగ్గర నీళ్ళు పడుతున్న ఒక ఆడమనిషి బిందె వదిలేసింది.

నలుగురు లేచారు. పది మందయ్యారు. వాళ్ళు అతని వెనకే నడిచారు. వీధి చివర బోదగడ్డి కప్పిన కొట్టం ముందు ఒక ముసలాయన బండరాయి మీద కూర్చుని ఉన్నాడు. సైకిలును చూసి లేచి, రెండు చేతులతో హ్యాండిలు పట్టుకున్నాడు. అతనే శాంతయ్య. లోపలినుంచి ప్రసన్నకుమారి తడిచేతులతో బయటికి వచ్చింది. సైకిలు చూసింది, సైదులును చూసింది.

"లేదంటివి గదన్నా" అంది.

"ఉండె తల్లీ. అబద్ధం సెప్తి." పేర్చుకున్న మాటల వరస తప్పిపోయింది. "నీ ఇంటాయన యాడికీ పోలేదు. ఉగాది పొద్దే సచ్చిపోయినాడు. మా టాకీసు కాడ, టికెట్ల సందులో, జనంలో నలిగి. సైకిలు నా కాడ ఉండిపాయ."

అతను చేతులు కొంచెం ముందుకు చాచి నిలబడ్డాడు, పడిపోతే పట్టుకోవాలని. ఆమె పడలేదు.

"ఉగాది పొద్దేనా?"

"ఆ."

"సినిమాకు పోయిన పొద్దే? అంతకుమించి ఇంగ యాడికీ పోలేదా?"

"యాడికి పోతాడమ్మా."

ఆమె అతన్ని దాటుకుని వీధిలోకి వచ్చింది. కొళాయి దగ్గరి ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఇన్నారా? అందరూ ఇన్నారా? నా మొగుడు సున్నిపెంటకు పోలేదు. ఎవుర్తి వెనకా పోలేదు. నన్ను ఇడిసిపెట్టలేదు. సచ్చిపోయినాడు!" ఆ గొంతులో ఏడుపు లేదు. బహుమతి వచ్చిందని చెప్పుకునే మనిషిలా ఒక్కొక్కరి పేరూ పెట్టి పిలిచి చెప్పింది. "జయమ్మా, ఇన్నావా? లూదియక్కా, ఇన్నావా?" పేరు వినబడ్డవాళ్ళు తలలు దించుకున్నారు. పదిహేనేళ్ళు మనుషులు ఎటు కదులుతారో చెప్పినవాడు సైదులు. ఇది అతను కలలో కూడా అనుకోలేదు.

వీధి చివరిదాకా చెప్పి వచ్చి, అప్పుడు ఆమె అతని ముందు నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు అప్పుడు తిరిగాయి.

"ఆరునెల్లు" అంది. "ఆరునెల్లు ఆయప్పను నేను తిట్టిన తిట్టు తిట్టకుండా తిడ్తిని. పొద్దున లేసి తిడ్తిని, పండుకోబోతా తిడ్తిని. ప్రార్థనలో గూడా, వాన్ని సల్లగా సూడొద్దు దేవుడా అంటిని. సచ్చినోన్ని. నీకు తెలుసు. తెలిసి, నా సేత తిట్టించినావు."

ఈ లెక్క సైదులుకు ఎన్నడూ తట్టలేదు. తను మోస్తున్నది ఒక చావు అనుకున్నాడు గానీ, ఇక్కడ రోజూ ఇంకో మనిషి నలుగుతోందని అనుకోలేదు.

"జనమంటే ఎంతమందప్పా?" శాంతయ్య అడిగాడు. "సిన్నప్పట్నుంచి సినిమాలకు పోతాండె వాడు. ఈతకొట్టినట్ల పోయి టికెట్టు తెస్తాండె. ఆ పొద్దే ఎందుకట్ల నలిగినాడు?"

తొక్కిసలాటలో ఎవరి తప్పూ ఉండదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఓనరు మూయించాడని చెప్పినా అబద్ధం కాదు.

"రెండు కిటికీలుండాయి. ఒగటి మూసినారు" అన్నాడు సైదులు. "వరస పెద్దగా కనపడాలని. సినిమా బాగా ఆడతాదని అందరూ అనుకోవాలని. అట్ల మూయమని ఓనరుకు సెప్పింది నేనే."

వెనకనుంచి ఎవడో ముందుకు దూకబోతే శాంతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ప్రసన్నకుమారి మాత్రం ఇంకా అతని ముఖంలోకే చూస్తోంది.

"యాడ పూడ్సినారు?"

సైదులు తల అడ్డంగా ఊపాడు. "తెలీదు తల్లీ."

"అడగలేదా?"

"అడగలేదు."

ఆమె లోపలికి పోయింది. కుండలో నీళ్ళు ముంచిన చప్పుడైంది. ముఖం కడుక్కుని, జుట్టు ముడివేసుకుని, కాళ్ళకు చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చింది.

"మామా, నువ్వు గూడా పద. బస్సు పట్టుకుందాం." సైదులు వైపు చూడకుండా అంది. "ఇప్పుడు ఈడ సెప్పినావే, ఇదంతా ఆడ గూడా సెప్పాల. ఆస్పత్రిలో సెప్పాల, టేషన్లో సెప్పాల. మీ ఓనరు ముందర సెప్పాల. కిటికీ మాట గూడా. యాడ పూడ్సినారో తెలిసిందాకా నువ్వు నా ముందర్నించి కదలగూడదు."

"సెప్తా" అన్నాడు సైదులు.

శాంతయ్య తన కొడుకు సైకిలును కొట్టంలోకి నడిపించి వచ్చి, భుజం మీద తువ్వాలు వేసుకున్నాడు. బస్టాండుకు పోయే దారిలో సైదులు పక్కన చేరి, కాస్త వెనకాడి, మెల్లగా అడిగాడు.

"ముందు జరగబొయ్యేది సెప్తావంట గదప్పా నువ్వు. హుస్సేన్ వలి ఊరంతా సెప్తాంటాడు. మా మాట ఆడ ఎవురన్నా ఇంటారంటావా?"

"నాకు తెలీదప్పా" అన్నాడు సైదులు.

ప్రసన్నకుమారి ఆగలేదు. చాలా ముందు పోతోంది. వాళ్ళిద్దరూ అడుగు పెంచారు.